చలికి మొండికేసే కారులో కృష్ణ చివరిదాకా

గుణదలలోని మా ఇంటి నుంచి కృష్ణ సముద్రంలో కలిసే చోటికి వంద కిలోమీటర్లు, అటూ ఇటూగా. మామూలు మనుషులు పొద్దున బయల్దేరి రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేస్తారు. మేము ఆ నీళ్ళ దగ్గరికి చేరింది నాలుగో రోజున. ఆలస్యానికి కారణం దారి కాదు, వాన కాదు, మా వయసు కూడా కాదు. తెల్లవారుజామున స్టార్టు కాని మా కారు. అయినా ఆ రోజుల్లో ఏ ఒక్కటి తగ్గినా నాకు నష్టమే అయ్యేది. అందుకే ఇంకా వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. డెబ్బై దాటాయి. ఎడమ చెవి అసలు పనిచేయదు, కుడి చెవి మొహమాటానికి పనిచేస్తుంది. నాతో వచ్చింది మా రూతు వదిన, చనిపోయిన మా వారికి అక్క. నాకంటే అయిదేళ్ళు పెద్ద. ఆవిడవి పాము చెవులు. కళ్ళే వెళ్ళిపోతున్నాయి. నీటికాసుల జబ్బు. పోయిన చూపు తిరిగిరాదని, ఉన్నదాన్ని కాపాడటానికి ఆపరేషన్ చేద్దామని, అదీ ఎంతవరకు నిలుస్తుందో ఇప్పుడే చెప్పలేమని డాక్టరు గారు ఉన్నమాట చెప్పేశారు. శుక్రవారం ఆస్పత్రిలో చేరాలి.

"చేరేముందు ఒకటి చూసి రావాలే సుగుణా," అంది వదిన.

వాళ్ళ నాన్నగారు, అంటే మా మామగారు, కాలువల మీద లస్కరుగా పనిచేశారు. బందరు కాలువ లాకుల దగ్గర తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. వదిన పెరిగింది లాకు పక్కనున్న క్వార్టర్లో. ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయి నాన్నా అని అడిగితే, పొలాలు తాగగా మిగిలింది సముద్రానికి అనేవారట. పుట్టినప్పటి నుంచి కృష్ణ నీళ్ళే తాగిన మనిషి ఆ నది చివర మాత్రం చూడలేదు.

చూడాలంటే తెల్లవారుజామునే చూడాలి. ఎండ ఎక్కితే ఆవిడకు లోకమంతా సున్నం కొట్టిన గోడలా కనిపిస్తుంది. సాయంత్రం చీకటి పడకముందే అక్కడి నుంచి జనాన్ని పంపేస్తారని విన్నాం. ఇక మిగిలింది సూర్యుడు అప్పుడే పైకి వచ్చే ఆ కాసేపు. సోమవారం బయల్దేరితే గురువారం రాత్రికి ఇంట్లో ఉండవచ్చని లెక్క వేసుకున్నాను.

గుణదల

మా కారు మా వారు కొన్న చిన్న పెట్రోలు బండి. ఇరవై ఏళ్ళు దాటింది. కార్బురేటరు ఉండదు, పెట్రోలు తనే కొలిచి చిమ్ముకునే ఇంజక్షన్ ఉంటుంది. నేను డ్రైవింగు నేర్చుకున్నది మాత్రం మా నాన్నగారి పాత పెద్ద కారు మీద. చలికాలం పొద్దున చోక్ లాగి, యాక్సిలరేటరు మూడుసార్లు నొక్కి, నాలుగోసారి పూర్తిగా అదిమిపెట్టి సెల్ఫ్ కొట్టమని ఆయన నేర్పారు. ఈ కారులో చోక్ లేదు కాబట్టి అది లాగడం మానేశాను. నొక్కడం మానలేదు.

సోమవారం ఇంట్లో ప్రార్థన చేసుకుని, పులిహోర డబ్బాలో సర్దుకుని కారెక్కాం. సెల్ఫ్ తిరిగింది. ఇంజను అందుకోలేదు. నొక్కాను, తిప్పాను. మళ్ళీ నొక్కాను, తిప్పాను. ఎదురింటి ఫ్రాన్సిస్ గారు బ్రష్షు నోట్లో పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చారు.

"టీచర్ గారూ, ఇంకా ఎన్నాళ్ళండీ దీంతో? తుక్కుకిచ్చేస్తే కనీసం ఆ స్థలంలో పూలకుండీలైనా పెట్టుకోవచ్చు."

"మీ స్కూటరు అమ్మిన రోజున చెప్పండి, ఆలోచిస్తాను," అన్నాను.

ఆయనా, పాలబ్బాయీ కలిసి తోశారు. వీధి చివరిదాకా ఉలకకుండా పలకకుండా వెళ్ళి, మలుపులో ఒక్కసారి దగ్గి అందుకుంది. వదిన కిటికీలోంచి చెయ్యి ఊపింది, అత్తారింటికి వెళ్ళే పెళ్ళికూతురిలా.

వన్ టౌన్

మాకు తెలిసిన మెకానిక్ షెడ్డు వన్ టౌనులో ఉంది. బస్తాల బళ్ళ మధ్య నుంచి కారు తీసుకువెళ్ళడమే ఒక పరీక్ష. ఒక తోపుడుబండి ఆయన నన్ను చూసి, "మామ్మగారికి దారివ్వండ్రా," అని అరిచి, తనే అడ్డంగా నిలబడ్డాడు.

మెకానిక్ తాళం తిప్పగానే కారు స్టార్టయింది. ఆపి మళ్ళీ తిప్పితే మళ్ళీ అయింది.

"బ్రహ్మాండంగా ఉందండీ. మీకేం కావాలి?"

"పొద్దున కాలేదు."

"ఇప్పుడైంది కదండీ!"

ఈ జబ్బుతో వచ్చిన చిక్కే ఇది. తెల్లవారుజామున వచ్చే రోగాన్ని మధ్యాహ్నం చూపిస్తున్నాం. ఒక రాత్రి ఉంచి వెళ్ళమన్నాడు. మాకు వదిలిపెట్టే రాత్రి లేదు. అనుమానం ఎందుకని నాలుగు ప్లగ్గులూ మార్పించాను. ప్లగ్గులు ఆరువందలు, మార్చినందుకు నూట యాభై. పాతవాటిని కాగితంలో చుట్టి ఇప్పించుకున్నాను. వాటిలో తప్పేమీ కనిపించలేదని అప్పుడే చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

భోజనాలయ్యాక బందరు రోడ్డు పట్టాం. ఊరు వెనకబడేసరికి ఎడమవైపు కాలువ తోడొచ్చింది. నీళ్ళు చప్పుడు లేకుండా, ఎక్కడా తొందర లేకుండా, మాతోపాటే నడిచాయి. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్లు వరసకట్టాయి. కోసిన వరిచేలల్లో మొదళ్ళ మధ్య మినుము అప్పుడే పచ్చగా మొలిచింది. ఒక పంట ఇంకా నిలబడి ఉండగానే రెండోదాని విత్తనం దాని కాళ్ళ దగ్గర చల్లుతారు. నేల ఒక్క రోజు కూడా ఖాళీగా కూర్చోదు. ఇన్నేళ్ళు ఈ పక్కనే ఉండి దీన్ని బస్సు కిటికీలోంచి తప్ప చూడనందుకు ఆశ్చర్యం వేసింది.

కూచిపూడి

రాత్రికి కూచిపూడిలో సత్యవతి గారనే ఆవిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాం. ఆవిడ తన వసారాలో పిల్లలకు నాట్యం నేర్పుతారు. వెళ్ళేసరికి క్లాసు మొదలవుతోంది. పదిమంది ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు. సత్యవతి గారు చేతిలో చిన్న కర్ర పట్టుకుని చెక్క మీద తాళం వేయడానికి సిద్ధంగా కూర్చున్నారు. కానీ వెంటనే వేయలేదు. పిల్లలు ముందు వంగి నేలను తాకి కళ్ళకద్దుకున్నారు. లేచి నిటారుగా నిలబడ్డారు. ఊపిరి కూడా గట్టిగా తీయని ఒక క్షణం గడిచింది. అప్పుడు పడింది కర్ర. పదకొండు జతల పాదాలు ఒకే దెబ్బగా నేల మీద పడితే, నేను కూర్చున్న అరుగు కదిలింది. నాకు వినపడిందో లేదో గాని ఎముకలకు తెలిసింది.

"ఆ వంగడం ఎందుకమ్మా?" వదిన అడిగింది.

"ఇప్పుడు నిన్ను తొక్కబోతున్నాం, ఏమనుకోకు తల్లీ అని భూదేవికి చెప్పుకోవడమండీ," అన్నారు సత్యవతి గారు.

వదిన నా వైపు తిరిగింది. "విన్నావా సుగుణా? తొక్కేముందు అడుగుతున్నారు. నువ్వు పొద్దున పాపం ఆ కారును అడక్కుండానే తొక్కి తొక్కి చంపావు."

పిల్లలందరూ నవ్వారు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

మా ఇళ్ళల్లో అతిథికి ముందు కాఫీ ఇచ్చి, తర్వాత భోజనం సంగతి అడుగుతారు. సత్యవతి గారు అడగనేలేదు. వేడన్నం, కందిపచ్చడి, నెయ్యి, చిక్కుడుకాయ కూర తెచ్చి ముందు పెట్టి, "మీరు ప్రార్థన చేసుకుంటారేమో, చేసుకోండి, నేను ఆగుతాను," అని చేతులు కట్టుకుని నిలబడ్డారు.

మంగళవారం పొద్దున మంచు పొగలా దిగింది. నేను తాళం తిప్పి కిటికీ అద్దాలు పైకెత్తాను. అవి కరెంటువి, తాళం తిప్పితే గాని లేవవు. తాళం తీసేశాను. వదిన, "నా వెనక అద్దం కూడా తెరిచి ఉందే, చలేస్తోంది," అంది. మళ్ళీ తాళం తిప్పి దాన్నీ ఎత్తాను. ఈలోగా వదిన కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేసింది. సగంలో సెల్ఫ్ కొడితే బాగుండదు కదా. పాదాలు వెనక్కి లాక్కుని, చేతులు కట్టుకుని విన్నాను. ఆమెన్ అనగానే తాళం ముందుకు తిప్పాను. ఒక్క తిప్పుకే, నిన్న పుట్టిన బండిలా స్టార్టయింది.

"చూశావా ప్రభువు!" అంది వదిన.

"ప్లగ్గులు," అన్నాను నేను.

అవనిగడ్డ

మధ్యాహ్నానికి అవనిగడ్డ చేరాం. బస్టాండు దగ్గర్లో కుమారి గారనే ఆవిడ నాలుగు గదుల లాడ్జి నడుపుతున్నారు. కింద తనే భోజనం పెడతారు. రొయ్యల ఇగురుతో భోజనం నూట ఎనభై. బెజవాడ హోటల్లో మారు అడిగితే సర్వరు ముఖం మారుతుంది. ఇక్కడ వద్దంటే కుమారి గారి ముఖం మారింది. మజ్జిగ దాకా రాకుండా ఎవరినీ లేవనివ్వలేదు.

బుధవారం చీకటితోనే లేచాం. మెట్ల దగ్గర కుమారి గారు వదినను ఆపారు. "అమ్మగారూ, మీరు ప్రార్థనాపరులని విన్నానండీ. మా పాపకు పరీక్షలు. ఒక్క మాట మా కోసం కూడా..." వదిన వరండాలోనే ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన మొదలుపెట్టింది. ఆవిడ ప్రార్థనలు పొడుగు. సూర్యుడు ఆగడు కదా అని నేను ముందే వెళ్ళి కారులో కూర్చుని, తాళం ఒక్కసారిగా చివరిదాకా తిప్పి సెల్ఫ్ కొట్టాను.

కాలేదు. యాక్సిలరేటరు నొక్కాను. పూర్తిగా అదిమిపెట్టాను. కొత్త ప్లగ్గులు, పోసిన పెట్రోలు, ఏమీ పనికిరాలేదు. సెల్ఫ్ గొంతు మెల్లగా పడిపోతూ వచ్చింది. బ్యాటరీ అయిపోతోందని తెలిసి చెయ్యి తీశాను.

తోయించడానికి ఆ చీకట్లో మనుషులు దొరకలేదు. ఆటోలో వెళ్ళడానికి వదిన నడుము ఒప్పుకోదు, దానికొకసారి ఆపరేషన్ అయింది. అద్దె కార్లన్నీ పెళ్ళిళ్ళకు పోయాయి, వాకబు చేశాం. వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. ఇళ్ళ మీదుగా తూర్పు తెల్లబడింది, ఎర్రబడింది, తర్వాత ఎండైపోయింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఇంకో తెల్లవారుజాము ఉందిగా," అంది.

ఉంది. ఒక్కటే ఉంది.

మస్తాన్ షెడ్డు

కుమారి గారు మస్తాన్ అనే మెకానిక్కును పిలిపించారు. వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. బ్యాటరీకి తన బండి నుంచి వైరు తగిలించి స్టార్టు చేసి, షెడ్డుకు తీసుకువెళ్ళి బ్యాటరీ ఛార్జింగు పెట్టాడు. మొదట ఇంజను వేడి కొలిచే సెన్సారు పోయిందన్నాడు. అది పోతే, ఇంజను చల్లగా ఉన్నా వేడిగా ఉందనుకుని పెట్రోలు తక్కువ పంపుతుందట. విప్పి మీటరు పెట్టి చూస్తే అది నిక్షేపంగా ఉంది.

"మరింకేమిటండీ?" అని నన్నే అడిగాడు.

నాకూ అదే కావాలి. "నిన్న కూచిపూడిలో అయింది, ఇవాళ కాలేదు. చలి ఒకటే, ప్లగ్గులు ఒకటే, పెట్రోలు ఒకటే. తేడా ఎక్కడో చూద్దాం," అని, నిన్న ఏం చేశానో, ఇవాళ ఏం చేశానో వరసగా చెప్పుకుంటూ వచ్చాను. అద్దాలు, ప్రార్థన, వెనక్కి లాక్కున్న పాదాలు.

మస్తాన్ పాన తిప్పడం ఆపాడు. "తాళం తిప్పాక, సెల్ఫ్ కొట్టకముందు, వెనక సీటు కింద మోటరు చప్పుడొచ్చిందాండీ? పెట్రోలు పంపు?"

"నాకేమీ వినపడలేదు."

"నాకు వినపడింది," అంది వదిన స్టూలు మీద నుంచి. "గుయ్యిమని వచ్చి ఆగింది. తను తాళం తీసి మళ్ళీ తిప్పితే మళ్ళీ వచ్చింది. ప్రార్థన మొదలెట్టేశాను కదా, ఇంకేం చెబుతాను? కారు కూడా ఏదో సణుక్కుంటోంది, చేసుకోనీలే అనుకున్నా."

మస్తాన్ నవ్వాపుకోలేకపోయాడు. "అమ్మా, పంపు దగ్గర చిన్న వాల్వు ఉంటదండీ. అది అరిగిపోతే పైపులో పెట్రోలు రాత్రికి ట్యాంకులోకి జారిపోద్ది. తెల్లారి పైపు ఖాళీ. మీరు తాళం తిప్పి ఆగితే పంపు మళ్ళీ నింపుద్ది. ఆగకపోతే ఏం తాగి తిరుగుద్ది ఇంజను?" నా వైపు తిరిగాడు. "ఇంకోటండీ. యాక్సిలేటరు నొక్కుతారా మీరు?"

"అవసరమైతే."

"పూర్తిగానా?"

"పూర్తిగానే."

"ఇంజక్షన్ బండిలో సెల్ఫ్ కొట్టేటప్పుడు పూర్తిగా నొక్కితే, లోపల పెట్రోలు ఎక్కువై మునిగిపోయిందేమో అనుకుని, అదే పెట్రోలు ఆపేస్తదండీ. మీరు ఇవ్వమని నొక్కుతుంటే, అది వద్దన్నారు కదా అని ఆపుతోంది."

ఇరవై ఏళ్ళుగా నా కాలి కింద ఒక బుద్ధి ఉంది. నేను నొక్కినదాన్ని చదివి, నా మంచి కోసమే అనుకుని నాకు అడ్డుపడుతోంది. దాని పంపు ప్రతి పొద్దునా నాతో మాట్లాడుతోంది. నాకు వినపడదు. వాల్వు బాగున్నన్నాళ్ళు నా పాత అలవాటు చెల్లిపోయింది. అది అరిగాక ఒక తప్పు కాస్తా రెండయింది.

ఆ వాల్వు పంపుతోపాటు వస్తుంది, బెజవాడలోనే దొరుకుతుంది. మస్తాన్ తన పనికి మూడువందలు తీసుకుని చెప్పాడు. "రేపు నేను రాలేనండీ, మా చెల్లెలి పెళ్ళి. మీరే చెయ్యాలి. తాళం తిప్పండి, చప్పుడు ఆగేదాకా ఆగండి, తీసెయ్యండి. మూడుసార్లు. తర్వాతే సెల్ఫ్. కాలు కింద పెట్టుకోండి. బ్యాటరీ పాతదండీ, ఎక్కువసేపు తిప్పితే పడిపోద్ది."

"చప్పుడు ఆగిందని నాకెలా తెలుస్తుంది?"

"నేను లేనూ?" అంది వదిన.

సాగర సంగమం

గురువారం. చీకటి. మంచు అద్దం మీద నీళ్ళై కారుతోంది. ఇద్దరం కారెక్కి తలుపులు వేసుకున్నాం. నేను పాదాలు సీటు కిందికి లాక్కున్నాను. తాళం ఒక మెట్టు తిప్పాను. నాకు నిశ్శబ్దమే. వదిన తల వెనక సీటు వైపు వాల్చి, చెయ్యి పైకెత్తి పట్టుకుంది. చెయ్యి దించింది.

"ఆగింది."

తీశాను. తిప్పాను. చెయ్యి లేచింది, దిగింది. "ఆగింది." మూడోసారి ఆవిడ కాసేపు ఎక్కువే ఆగింది. పెదవులు కదులుతున్నాయి. ఆ ఉన్న కొద్ది వ్యవధిలో ప్రార్థన కూడా ఇరికించిందని తర్వాత ఒప్పుకుంది. "ఆగింది. ఇప్పుడు తిప్పు."

తిప్పాను. సెల్ఫ్ బరువుగా ఒకసారి మూలిగింది. ఇంకోసారి. కాలు నా మాట వినకుండా లేచి యాక్సిలరేటరు దాకా వెళ్ళింది. వదిన నా మోకాలు మీద గట్టిగా ఒక్కటి వేసింది. కాలు వెనక్కి వచ్చింది. ఇంజను అందుకుంది. స్టీరింగు మీద వణుకు నా చేతుల్లోకి పాకింది.

కోడూరు దాటాక లోకం నీళ్ళైపోయింది. రోడ్డుకు అటూ ఇటూ రొయ్యల చెరువులు, వాటిలో నీళ్ళకు గాలి పట్టించే చక్రాలు తిరుగుతున్నాయి, మంచులో దీపాలు తేలుతున్నాయి. తర్వాత చెరువులు పోయి మడచెట్లు వచ్చాయి. గట్టి నేల అయిపోయిన చోట కారు ఆపాను. చెయ్యి పట్టుకుని ఇసుకలో నడిచాం, నెమ్మదిగా, ఆగుతూ.

సూర్యుడు ఇంకా రాలేదు. ఒకవైపు నుంచి నది వస్తోంది. దానిలో నదినన్న ఆర్భాటం ఏమీ మిగల్లేదు. వెడల్పుగా, పలచగా, మట్టిరంగులో, కాలువలో నడిచినంత నెమ్మదిగానే వస్తోంది. ఎదురుగా సముద్రం, ఉక్కురంగులో. రెండూ కలిసే చోట ఒక గీత. ఆ గీత కదులుతోంది. ఒకసారి నది దాన్ని ముందుకు తోస్తోంది, ఒకసారి సముద్రం వెనక్కి తెస్తోంది. అంతలో ఆ గీత మీదనే అన్నట్టు సూర్యుడు లేచాడు. ఎర్రగా, చూడటానికి వీలుగా. మట్టిరంగు నీళ్ళు బంగారమయ్యాయి. ఎన్నో లెక్కలు చేసిన మనిషిని, అక్కడ ఒక్క అంకె కూడా గుర్తుకురాలేదు.

"కనిపిస్తోందా వదినా?"

"ఉండు, మాట్లాడకు." ఆవిడ కళ్ళు వెడల్పు చేసుకుని నిలబడింది. చెంపల మీద నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు, తుడుచుకుంటే ఆ కాస్త కూడా పోతుందన్నట్టు. చాలాసేపటికి, "అటుది మట్టి, ఇటుది నలుపు. మధ్యలో గీత. ఉందా?" అంది.

"ఉంది."

"అయితే కనిపిస్తోంది."

వల దులుపుకుంటున్న ఒక జాలరి మమ్మల్ని చూసి దగ్గరికి వచ్చాడు. "ఏ ఊరండీ మామ్మగారూ?"

"బెజవాడ నాయనా. ఈ నీళ్ళున్న ఊరే," అంది వదిన.

"నాలిక మీద వేసుకుని చూడండి. ఇక్కడ నీళ్ళకి పూటకో రుచండీ. పోటుకి ఒకటి, నీళ్ళు వెనక్కెళ్ళే పాటుకి ఒకటి."

వదిన వంగలేదు. నేను దోసిట్లో పట్టి తెచ్చాను. ఆవిడ నాలుక తడుపుకుని కాసేపు ఆలోచించింది.

"ఉప్పు పూర్తిగా ఎక్కలేదు," అంది. "మా నాన్న వదిలినవి ఇంకా ఉన్నాయి ఇందులో."

జాలరికి ఆ మాట అర్థమైందో లేదో. అయినా తలూపాడు.

ఎండ తెల్లబడేదాకా ఉన్నాం. వదిన కళ్ళు మూసుకుని, నదిది ఒక చప్పుడు, సముద్రానిది ఒకటి, రెండూ కలిసినచోట మూడోది ఉందని చెప్పింది. నాకు ఒక్కటీ వినపడలేదు. గీత ఎటు జరుగుతోందో నేను చెబుతూ వచ్చాను, అక్కడ ఏం వినపడుతోందో ఆవిడ చెబుతూ వచ్చింది.

మళ్ళీ గుణదల

శుక్రవారం వదిన ఆస్పత్రిలో చేరింది. ఆవిడ లోపల ఉన్న రోజున నేను వన్ టౌనులో కొత్త పంపు వేయించాను. నాలుగువేల రెండువందలు, కూలితో కలిపి. "ఇక మీరు ఆగక్కర్లేదు టీచర్ గారూ, తిప్పడమే," అన్నాడు మెకానిక్. నిజమే. మర్నాడు చలిలో ఒక్క తిప్పుకే అయింది.

వదినను ఇంటికి తెచ్చిన పొద్దున కూడా మంచుగానే ఉంది. ఒక కంటికి కట్టు, దాని మీద నల్లద్దాలు. చూపు ఎంత నిలుస్తుందో కొన్ని వారాలు పోతేగాని చెప్పలేమన్నారు. ఆవిడను ముందు సీటులో కూర్చోబెట్టి, నేను ఇటు వచ్చి ఎక్కి, పాదాలు వెనక్కి లాక్కుని, తాళం ఒక మెట్టు తిప్పి ఆగాను.

వదిన తల వెనక్కి వాల్చింది. చెయ్యి ఎత్తింది. దించింది.

"ఆగింది. ఇప్పుడు పోనీ," అంది. "కాలువ పక్కనుంచే పోనీ. నీళ్ళు ఇవాళ ఏ రంగులో ఉన్నాయో నువ్వు చెబుదువుగాని."